గెలిచే ముక్కలు పారేశానా?

పేరు, ఊరు రాయవద్దని కోరిన ఈ పాఠకుడు పాలకొల్లు ప్రాంతానికి చెందినవారు. వయసు 34. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నారు. ఊళ్లో నాన్నగారు రొయ్యల చెరువులు చూసుకుంటారు. ఏటా సంక్రాంతికి అమ్మమ్మగారింట్లో మేనమామలు, బావలు, వాళ్ల స్నేహితులు కూడి రాత్రిళ్లు పేకాట వేస్తారు. ఒకప్పుడు 13 ముక్కలే ఆడేవారు. కొన్నేళ్లుగా, ఒక్కొక్కరి చేతిలో రెండు ముక్కలు, మధ్యలో అందరికీ ఉమ్మడిగా అయిదు ముక్కలు ఉండే పోకర్ నడుస్తోంది. నిరుటి పండక్కి బలమైన ముక్కలు వదలలేక ఈయన రూ.18,000 పోగొట్టుకున్నారు. ఆ సంగతి తెలిసి భార్య కొన్నాళ్లు మాట్లాడలేదు. అందుకే ఈసారి ఆటకు కూర్చుంటూనే ‘ఈ ఏడు జాగ్రత్తగా ఆడతాను, పెద్ద పందేలకు రాను’ అని అందరి ముందూ చెప్పారు.

కనుమ నాటి రాత్రి ఆయన చేతికి డైమండు తొమ్మిది, కళావరు తొమ్మిది వచ్చాయి. ముందే పందెం పెంచారు. కొబ్బరి వ్యాపారం చేసే పెద్దమావయ్య ఒక్కరే కలిశారు. పాట్‌లో, అంటే మధ్యలో చేరే పందెం సొమ్ములో, రూ.1,200 చేరింది. మొదట పరిచిన మూడు ముక్కలు ఇస్పేటు తొమ్మిది, ఇస్పేటు ఆరు, ఆఠీను రెండు. ఈయన 600 కట్టారు, మావయ్య కాల్ చేశారు, అంటే తనూ అంతే కట్టి కలిశారు. నాలుగో ముక్క డైమండు రాజు. ఈయన 1,200 కట్టారు, మావయ్య మళ్లీ కాల్ చేశారు. అయిదో ముక్క ఇస్పేటు ఏడు. ఈయన 2,000 కట్టగానే మావయ్య తన ముందున్న 8,000 మొత్తం తోసి, ‘చూస్తావా అల్లుడూ, పడేస్తావా?’ అన్నారు. చాలాసేపు ఆలోచించి ఈయన మూడు తొమ్మిదులనూ పడేశారు. మావయ్య తన ముక్కలు చూపకుండా పేకలో కలిపేశారు.

మర్నాడు ఆ మావయ్య కొడుకైన బావ వచ్చి, తన నాన్న చేతిలో నల్ల ఆసు ఒకటి కనిపించిందనీ, రెండోది కనిపించలేదనీ, అసలు సెట్ (ఒకే అంకెవి మూడు ముక్కలు) ఎవరైనా పారేస్తారా అనీ నవ్వాడు. అప్పటి నుంచి ఈయనకు నిద్ర సరిగా లేదు. తాను చేసింది తప్పా, మావయ్యనే అడిగి తేల్చుకోవాలా, వేసవిలో మళ్లీ కలిసినప్పుడు ఇలాంటి ముక్కలు వస్తే ఏం చేయాలి, అప్పటిదాకా ఏదైనా యాప్‌లో డబ్బు పెట్టి సాధన చేయవచ్చా అన్నవి ఆయన ప్రశ్నలు.

సమాధానం:

మీ ఉత్తరంలో ‘అంత బలమైన ముక్కలు’ అన్న మాట పదే పదే వచ్చింది. మీ చిక్కు అక్కడే మొదలైందని నా అభిప్రాయం. 13 ముక్కలాటతో పెరిగిన మన ప్రాంతపు వాళ్లందరికీ ఈ అలవాటు ఉంటుంది. రమ్మీలో ముక్కల బలం చాలావరకు మన చేతిలోనే తేలిపోతుంది: లైఫ్ (జోకర్ లేని వరుస) పడిందా, జోకర్లు ఎన్ని, ఎన్ని ముక్కలు కలవాలి అని చూసుకుని ఆడాలో డ్రాప్ కావాలో నిర్ణయించుకుంటాం. డ్రాప్ ధర కూడా ముందే రాసిపెట్టి ఉంటుంది. 101 ఆటలో మొదటే పడేస్తే 20 పాయింట్లు, మధ్యలో పడేస్తే 40, ఫుల్ కౌంట్ అయితే 80. పోకర్‌లో పడేయడానికి అలాంటి స్థిరమైన ధర లేదు, ఎదుటివారు ఎంత తోస్తే అంత. మీ ముక్కల విలువ కూడా మధ్యలో పడే ప్రతి ముక్కతోనూ, అవతలివారి ప్రతి పందెంతోనూ మారుతూ ఉంటుంది.

మీ తొమ్మిదుల సంగతే చూడండి. మొదటి మూడు ముక్కలు పడినప్పుడు ఆ బల్ల మీద మిమ్మల్ని మించిన చేయి ఉండే అవకాశమే లేదు. చేతిలో జత ఉన్నవారికి మొదటి మూడు ముక్కల్లో మూడోది కలవడం సుమారు ఎనిమిదిన్నర సార్లకు ఒకసారి మాత్రమే జరుగుతుంది కాబట్టి మీ సంతోషంలో తప్పులేదు. నాలుగో ముక్కగా రాజు పడిన తరువాత కూడా చేతిలో రెండు రాజులు ఉన్నవారు మాత్రమే మిమ్మల్ని కొట్టగలరు. ఇస్పేటు ఏడు పడగానే పరిస్థితి ఒక్కసారిగా మారిపోయింది. చేతిలో ఏ రెండు ఇస్పేట్లు ఉన్నా ఫ్లష్, అంటే ఒకే రకం అయిదు ముక్కలు. పది-ఎనిమిది ఉన్నా, ఎనిమిది-అయిదు ఉన్నా స్ట్రెయిట్, అంటే వరుసగా అయిదు ముక్కలు. ఈ రెండూ మూడు తొమ్మిదులను మించినవే. చేతిలో ఉన్నవి అవే తొమ్మిదులు కనుక బలం అలాగే ఉందని మీకు అనిపించింది. నిజానికి ఆ క్షణం నుంచి అవి, మావయ్య బ్లఫ్ చేస్తూ (లేని బలం ఉన్నట్టు చూపుతూ) ఉంటేనో, లేక తనకున్న దాన్ని ఎక్కువగా అంచనా వేసుకుని ఉంటేనో గెలిచే ముక్కలుగా మారిపోయాయి.

ఇప్పుడు లెక్కకు వద్దాం, ఇది కొంచెం ఓపిగ్గా చదవండి. మావయ్య తోసేసరికి పాట్‌లో రూ.14,800 ఉంది, మీరు కలపవలసింది 6,000. కలిపితే మొత్తం 20,800. ఆరు వేలు ఇందులో దాదాపు 29 శాతం. అంటే అలాంటి సందర్భం వందసార్లు వస్తే అందులో 29 సార్లు మీరు గెలిచినా చాలు, కాల్ చేయడం నష్టం కాదు. మీరు గెలిచే అవకాశమే ఎక్కువై ఉండనక్కరలేదు. మూడింట ఒక వంతు కన్నా తక్కువైనా సరిపోతుంది. ఇది చాలామంది గమనించని సంగతి.

ఇక అవతల ఏముండవచ్చు? మీ చేతిలో ఇస్పేటు ఒక్కటీ లేదు. అది మీకు ప్రతికూలం, ఎందుకంటే మావయ్యకు ఫ్లష్ ఉండే అవకాశాన్ని మీ ముక్కలు ఏమాత్రం తగ్గించలేదు. బల్ల మీద మూడు ఇస్పేట్లు పోగా మిగిలినవి పది. మావయ్య చెత్త ముక్కలతో మీ మొదటి పందేనికి కలవరని మీరే రాశారు కాబట్టి, ఆసుతో మరో ఇస్పేటు ఉన్న తొమ్మిది జతలు, రాజు, రాణి, జాకీ, పది వీటిలో వీటికే కుదిరే ఆరు జతలు, మొత్తం పదిహేను లెక్కపెట్టుకుందాం. రెండు రాజులుంటే ముందే పందెం పెంచి ఉండేవారు. స్ట్రెయిట్‌కు కావలసిన పది-ఎనిమిది వంటి వాటితో ఆయన నాలుగో ముక్క దాకా వచ్చేవారు కాదు. ఈ పదిహేను ఫ్లష్‌లకు ఎదురుగా, మీకన్నా తక్కువ ముక్కలతో కూడా ఆయన మొత్తం తోసే సందర్భాలు కనీసం ఆరో ఏడో ఉంటేనే మీ 29 శాతం దొరుకుతుంది. చేతిలో రెండు ఆరులో, రెండు రెండ్లో, రెండు ఏడులో ఉండి బల్ల మీది ముక్కతో మూడయ్యే జతలు, ఒక్కో అంకెకు మూడు చొప్పున, తొమ్మిది ఉన్నాయి. వాటన్నిటితోనూ తోసే మనిషైతే కాల్ చేయడమే లాభం. కానీ మూడు రెండ్లు పట్టుకుని, బల్ల మీద మూడు ఇస్పేట్లు చూస్తూ ఎనిమిది వేలు తోసేవారు తక్కువ. నెమ్మదైన మనుషులు అక్కడ మీ రెండు వేలకు కాల్ చేసి ఊరుకుంటారు.

కాబట్టి లెక్క మిమ్మల్ని తీసుకువచ్చి మనిషి ముందు నిలబెడుతుంది. మావయ్య లేనిదాన్ని ఉన్నట్టు చూపి ఎంత తరచుగా తోస్తారు? ‘చేతిలో లేకుండా చివరి ముక్క మీద ఆయన పెద్ద పందెం కట్టగా నేనెప్పుడూ చూడలేదు’ అని మీరు రాశారు. ఈ వాక్యాన్ని మీరే మరోసారి చదవండి. ఆయన చివరలో పెద్దగా తోసినప్పుడల్లా అందరూ పడేస్తూ ఉంటే, ఆయన ముక్కలు మీరు చూసినది ఎన్నిసార్లు? ఫలించిన బ్లఫ్‌ను ఎవరూ తిరగేసి చూపరు. ఎవరైనా కాల్ చేసి ఆయన ముక్కలు బల్ల మీదకు వచ్చిన సందర్భాలను మాత్రమే గుర్తు చేసుకోండి. అవే సాక్ష్యం, తక్కినది ప్రతిష్ఠ.

మనిషి మంచివాడు, మాట మీద నిలబడేవాడు కాబట్టి బ్లఫ్ చెయ్యడనుకోవడం కూడా సరికాదు. గణిత శాస్త్రజ్ఞుడు జాన్ వాన్ నాయ్‌మన్ 1944లో ఆస్కార్ మోర్గెన్‌స్టెర్న్‌తో కలిసి ప్రచురించిన గ్రంథంలో పోకర్‌ను ఒక సరళ నమూనాగా తీసుకుని, బాగా ఆడేవాడు అప్పుడప్పుడు బ్లఫ్ చేసి తీరాలనీ, అదీ ఏ మాత్రం పనికిరాని ముక్కలతోనే చేయాలనీ లెక్కగట్టి చూపారు. కొబ్బరి బేరంలో ఒక్క రూపాయి అబద్ధమాడని మనిషి కూడా ఆటలో ఆటలాగే ఆడవచ్చు.

ఇందులో మీరు పట్టించుకోని ఇంకొక విషయం ఉంది. నిరుడు మీరు పడేయరని ఆ బల్ల చుట్టూ ఉన్నవారందరికీ తెలుసు. అటువంటి మనిషి మీద ఎవరూ బ్లఫ్ చేయరు. ఈ ఏడు పెద్ద పందేలకు రానని మీరే ప్రకటించారు. ఆ మాట మావయ్య విన్నారు. నిరుటి అల్లుడి మీద ఎనిమిది వేలు తోయడం, ఈ ఏటి అల్లుడి మీద తోయడం రెండూ ఒకటి కావు. ఆయన స్వభావం మారనక్కరలేదు, మీ గురించి ఆయనకు తెలిసినది మారింది. అందుచేత ఆయన పాత ఆటను బట్టి చూస్తే పడేయడం సబబు. మీ ప్రకటనను బట్టి చూస్తే కాల్‌కు కొంత బలం వస్తుంది. నన్నడిగితే, ఈ రెండూ కలిపి చూసినప్పుడు మీ నిర్ణయం అంచు మీద ఉన్నది; పడేయడం తప్పని ఎవరూ గట్టిగా అనలేరు, కాల్ చేసి ఉంటే అదీ తప్పు కాదు. బావ నవ్వినంత తేలిక విషయమైతే ఇది కాదు.

బావ చూశానన్న నల్ల ఆసు వల్ల ఏదీ తేలదు. నలుపంటే కళావరైనా కావచ్చు. ఇస్పేటు ఆసే అనుకున్నా, నేను లెక్కపెట్టిన పదిహేను ఫ్లష్‌లలో తొమ్మిదింటిలో ఆ ఆసు ఉంది. అదే సమయంలో, ఇస్పేటు ఆసు ఒక్కటే చేతిలో ఉండి ఫ్లష్ కుదరని వారికి బ్లఫ్ చేయడానికి అంతకన్నా మంచి ముక్క మరొకటి లేదు, ఎందుకంటే అవతల అత్యున్నత ఫ్లష్ లేదని వారికి ఖాయంగా తెలుసు. కాబట్టి ఆ ఆసు రెండు కథలకూ సమానంగా సరిపోతుంది.

మావయ్యను అడగాలా వద్దా అన్నది మీ ఇష్టం, కానీ ఏమవుతుందో ముందే ఆలోచించుకోండి. అడిగితే ఆయన నిజమే చెప్పవచ్చు, ఆటపట్టించడానికి అబద్ధమూ చెప్పవచ్చు, నవ్వి ఊరుకోనూవచ్చు. ఫ్లష్ ఉందన్నారనుకోండి, మీకు ఆ పూటకు నిద్ర పడుతుంది, అంతకుమించి నేర్చుకునేదేమీ ఉండదు. బ్లఫ్ అన్నారనుకోండి, వేసవిలో కూర్చున్నప్పుడు ఆయన కట్టే ప్రతి పందేనికీ పంతంగా కాల్ చేయాలనిపిస్తుంది. ఆయనకు కావలసింది బహుశా అదే. పైగా, ఆరు వారాల తరువాత కూడా అల్లుడు ఆ చేయి గురించే ఆలోచిస్తున్నాడని ఆయనకు తెలియడం మీకు మేలు చేయదు. అడగకుండా ఉంటే కుతూహలం కొంతకాలం మిగిలిపోతుంది, అంతే.

ఇకముందు ఇలాంటి సందర్భం వస్తే మీకు కొన్ని దారులు ఉన్నాయి. మొదటిది, ఇప్పుడు చేసినట్టే పడేయడం. దీనివల్ల పెద్ద నష్టాలు తగ్గుతాయి. కానీ మీరు గట్టిగా తోస్తే జారిపోతారని తెలిసినకొద్దీ, మీకు మంచి ముక్కలు వచ్చిన రోజున కూడా ఎవరో ఒకరు తోస్తూనే ఉంటారు. రెండవది, కాల్ చేయడం. అప్పుడు ఎక్కువసార్లు ఓడిపోతారు. లెక్క ప్రకారం అలా ఓడిపోవడం సహజమే, ఎందుకంటే మీకు కావలసింది వందకు 29 మాత్రమే. ఓడిన ఆ డెబ్బై సార్లూ ఇంట్లో ఏమని చెబుతారో అది మీరు చూసుకోవలసిన విషయం. లాభం ఏమిటంటే, కాల్ చేస్తాడన్న పేరు వస్తే బ్లఫ్‌లు వాటంతట అవే తగ్గుతాయి.

మూడవ దారి మీద మీరు ఆలోచించలేదు, నాకు మాత్రం అదే ముఖ్యంగా కనిపిస్తుంది: ఆ ప్రశ్న అంత పెద్దది కాకముందే ఆటను మార్చడం. నాలుగో ముక్క దగ్గర పాట్‌లో 2,400 ఉండగా మీరు సగమే కట్టారు. మావయ్య చేతిలో రెండు ఇస్పేట్లు ఉండి మరొకటి కోసం చూస్తున్నారనుకుంటే, కనబడని 46 ముక్కల్లో ఆయనకు కావలసిన రకం తొమ్మిది, అంటే 20 శాతం లోపు అవకాశం. మీరు అడిగిన ధర 25 శాతం (ఆయన కలిపితే అయ్యే 4,800లో 1,200). కొద్దిగా ఖరీదే గాని, చివరి ముక్క మీద మీ నుంచి మరికొంత రాబట్టవచ్చని తెలిసిన మనిషి సంతోషంగా కడతాడు. అక్కడే పాట్ అంతా, 2,400 కట్టి ఉంటే ధర 33 శాతమయ్యేది. నిజానికి ఆ ఇస్పేట్లలో రాజో రెండో పడి ఉంటే మీకు ఫ్లష్‌ను మించిన ఫుల్‌హౌస్ (ఒక అంకెవి మూడు, మరో అంకెవి రెండు) అయ్యేది కనుక ఆయన అవకాశం ఇంకా తక్కువ. ఎక్కువ కడితే ఆయన అక్కడే పడేసి ఉండేవారేమో, మీకు చిన్న పాట్‌తో ఆట ముగిసేది. ఇది ఆ పద్ధతిలోని లోటు. అలాగే ఇస్పేటు ఏడు పడ్డాక రెండు వేలు కట్టే బదులు చెక్ చేసి, అంటే ఏమీ కట్టకుండా వంతు ఆయనకు వదిలి ఉండవచ్చు. చెక్ చేస్తే రెండు జతలున్న చేయి నుంచి మీకు రావలసినది పోతుంది, కానీ ఆయన కట్టబోయే పందెం మీరు భరించగలిగినంతగానే ఉండే అవకాశం ఎక్కువ.

‘అప్పటికే పెట్టిన నాలుగు వేల పైచిలుకు వదులుకోవలసి వచ్చింది’ అని బాధపడ్డారు. నాన్నగారి చెరువుల్లో రొయ్యలకు తెల్లమచ్చ వ్యాధి కనిపించిన రోజు గుర్తు తెచ్చుకోండి. వంద కౌంట్‌కే (కిలోకు వంద రొయ్యలు తూగే చిన్న సైజులోనే) పట్టేయాలా, ఇంకొన్నాళ్లు ఉంచాలా అన్నది అప్పటి రొయ్య ధర, వ్యాధి వేగం చూసి నిర్ణయిస్తారే గాని, అంతవరకు వేసిన మేత ఖర్చును చూసి కాదు. పాట్‌లో పడిన డబ్బు పాట్‌ది. అందులో మీది ఎంత ఉందన్నది ఆ తరువాతి నిర్ణయానికి పనికిరాదు. నిరుటి పద్దెనిమిది వేలు కూడా అంతే. కానీ మీ ఉత్తరం చదివితే, మీరు ఆలోచించిన ఆ చాలాసేపట్లో ఎక్కువ భాగం మావయ్య ముక్కల గురించి గాక, ఇంటికి వెళ్లి ఏం చెప్పాలన్న దాని గురించే గడిచినట్టుంది. అలా అయితే ఆ పందెం మీకు పెద్దది. పెద్దదైన పందెంలో ఎవరూ లెక్క ప్రకారం ఆడలేరు.

యాప్‌లో డబ్బు పెట్టి సాధన చేయాలన్న ఆలోచన మానుకోండి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1974 నాటి గేమింగ్ చట్టాన్ని 2020లో సవరించి ఆన్‌లైన్‌లో డబ్బు పందేల ఆటలను నిషేధించింది. 2025లో వచ్చిన కేంద్ర చట్టం, నైపుణ్యమా అదృష్టమా అన్న తేడా లేకుండా, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధించింది. 1967లో సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో సుప్రీంకోర్టు రమ్మీలో నైపుణ్యమే ప్రధానమని చెప్పిన మాటను మీ బావలు తరచుగా ఎత్తుతారని రాశారు. అది రమ్మీ గురించి, మూడు ముక్కలాటను అదే తీర్పు వేరుగా చూసింది. దాన్ని పోకర్‌కు కవచంగా పట్టుకోవద్దు, పండగ రోజుల్లో మన జిల్లాల్లో పోలీసు దాడులు ఎలా ఉంటాయో మీకు తెలియనిది కాదు. ఉత్తుత్తి చిప్స్‌తో ఆడే ఉచిత ఆటలు చట్టానికి విరుద్ధం కావు గాని, అక్కడ ఎవరికీ ఏమీ పోదు కనుక ఎవరూ పడేయరు. పడేయడం నేర్చుకోవాలనుకున్న వారికి అవి అంతగా ఉపయోగపడవు. అంతకన్నా, ఈ చేయిలాంటి నాలుగైదు చేతులు కాగితం మీద వేసుకుని, నేను పైన చేసినట్టు జతలు లెక్కపెట్టడం మేలు.

వేసవిలో అసలు బల్ల దగ్గరకే వెళ్లకపోవడం కూడా ఒక దారి. దానికి మీరు ఇచ్చుకునే మూల్యం డబ్బు కాదు, ఏడాదికి కొద్ది రాత్రులు మావయ్యలతో, బావలతో గడిపే సమయం. అది మీకు ఎంత ఇష్టమో ఉత్తరం నిండా కనిపిస్తూనే ఉంది కాబట్టి నేను దాన్ని ముందుకు తోయను. వెళ్లేటట్టయితే, కూర్చోకముందే మావయ్యతో మాట్లాడి ఒక్కొక్కరి ముందు ఉండే మొత్తానికి హద్దు పెట్టించండి. అసలు డబ్బే లేకుండా చిప్స్‌కు ఆడదామంటే ఆయన ఒప్పుకుంటే ఇంకా మంచిది, కానీ అప్పుడు ఆట పలచబడుతుందని ఆయన అనవచ్చు. హద్దు 3,500 అనుకోండి. కనుమ నాటి చేయే మళ్లీ వచ్చినా, నాలుగో ముక్క దగ్గరికి వచ్చేసరికి మీ దగ్గర 2,300 మాత్రమే మిగులుతుంది, పాట్‌లో 2,400 ఉంటుంది. మీరు అక్కడే అంతా తోసేస్తారు, కలవాలా వద్దా అని ఆలోచించవలసింది మావయ్య అవుతారు. ఆయన కలిస్తే, ఆ తరువాత ఇస్పేటు పడినా మీరు తేల్చుకోవలసినదంటూ ఏమీ మిగలదు. పోతే 3,500 పోతుంది. ఆ మొత్తం ఎంతన్నది బయలుదేరే ముందే ఇంట్లో చెప్పి వెళ్లండి.